బావ మైకుసెట్టు, బావమరిది బ్లూటూత్, మధ్యలో బాబాయి గొంతు

ఈ ఉత్తరం కావలి నుంచి వచ్చింది. పేరు వేయవద్దన్నారు. రాసినవారి వయసు ముప్ఫై నాలుగు. పగలు ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతారు, సాయంత్రాలు కీబోర్డు వాయిస్తారు. ఆరుగురితో ఒక ఆర్కెస్ట్రా నడుపుతున్నారు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, డిసెంబరులో క్రిస్మస్ వేడుకలు వాళ్ళ బతుకుతెరువులో సగం. కార్యక్రమానికి పాతిక వేలు వస్తే మైకుసెట్టుకు ఏడు వేలు పోయి తలా మూడు వేలు మిగులుతాయి.

గాయకుడు ఆయన తండ్రికి స్నేహితుడు, యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆయన దగ్గరే మన ఉత్తరకర్త హార్మోనియం నేర్చుకున్నారు, బాబాయి అని పిలుస్తారు. గిటారు వాయించే కుర్రాడు భార్య తమ్ముడు. మైకుసెట్టు అక్క భర్తది. ప్యాడ్లు (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు), బేస్ గిటారు వాయించేవాళ్ళు, ఒక గాయని బయటివాళ్ళు.

మాఘమాసంలో ఒంగోలులో ఒక పెళ్ళి. స్టేజీ ఇరుకు. బాబాయి తన గొంతు వినిపించడం లేదని కాళ్ళ దగ్గరి మానిటరు (పాడేవాళ్ళ వైపు తిప్పి పెట్టే స్పీకరు) పెంచమన్నారు. బావ పెంచారు. బాబాయికి సమంగా వినిపించాలని గిటారు పెంచారు, దాన్ని దాటడానికి ప్యాడ్లు పెంచారు. రెండో చరణంలో మైకు కూత పెట్టింది. బాబాయి శ్రుతి తప్పారు. ఆడపిల్లవాళ్ళు వచ్చి సౌండు తగ్గించమన్నారు. ప్యాడ్లాయన చెవుల్లో రెండు రోజులు జోరీగ మోగిందట.

మరుసటి వారం సాధనలో బావమరిది తన బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తెచ్చి బాబాయి చెవుల్లో పెట్టాడు. సగం పల్లవికే ఆయన పీకేసి, "బావిలో కూర్చుని పాడినట్టుంది, పైగా నా పాట నాకే వెనక నుంచి వస్తోంది. బాలు గారు ఏమి పెట్టుకుని పాడారని నాకీ తద్దినం?" అన్నారు. ఇక చెవిలో ఏమీ పెట్టుకోనని ఒట్టు. బావమరిది ఆరుగురికీ స్పీకరు బదులు చెవిలోనే వినిపించే వైర్‌లెస్ ఇన్-ఇయర్ మానిటర్లు కొనాలంటున్నాడు, రెండు లక్షల పైమాట. లేకపోతే హైదరాబాదు వెళ్ళిపోతానంటున్నాడు. ఉమ్మడి డబ్బు ఎనభై అయిదు వేలు ఉంది. మిగతాదానికి భార్య గొలుసు తాకట్టు పెట్టడానికి సిద్ధపడింది. సంగతి తెలిసి బావ, "నా మైకుసెట్టు మీకు పనికిరాకుండా పోయిందన్నమాట" అని ఫోను పెట్టేశారు. "ఏమి కొనాలి? ఎవరి మాట వినాలి?" అని మన పాఠకుడి ప్రశ్న.

* * *

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చుట్టరికాల పేచీలా కనిపించింది. రెండోసారి చదువుతుంటే పేచీలో మూడు వంతులు ఒక చిన్న సాంకేతిక పొరపాటు నుంచి పుట్టిందనిపించింది. ముందు దాన్ని విప్పుకుందాం.

బాబాయి రెండు ఫిర్యాదులు చేశారు. రెండూ అక్షరాలా నిజం. మీరు వాటిని ముసలితనం కింద రాసేసుకున్నారు.

మొదటిది, పాట వెనక నుంచి రావడం. బ్లూటూత్ శబ్దాన్ని కుదించి, పంపి, విప్పి వినిపించేసరికి మామూలు ఇయర్‌ఫోన్లలో 150, 200 మిల్లీసెకన్లు గడిచిపోతాయి, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. మీరు లెక్కల మాస్టారు కదా, వేసి చూడండి. నిమిషానికి 120 దెబ్బల పాటలో ఒక దెబ్బకు అర సెకను. 200 మిల్లీసెకన్ల ఆలస్యమంటే సగం దెబ్బకు దగ్గర. ఆ ఆలస్యంతో ఎవరు పాడినా తాళం తప్పుతుంది. గాలిలో శబ్దం ఒక మీటరు నడవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. రెండు మీటర్ల దూరంలోని మానిటరు బాబాయికి 6 మిల్లీసెకన్లలో వినిపిస్తుంది. నలభై ఏళ్ళుగా ఆయన చెవి దానికి అలవాటు పడింది. సినిమా చూడటానికి, ఫోను మాట్లాడటానికి చేసిన వస్తువును పాడే మనిషి చెవిలో పెట్టడం మీ బావమరిది తప్పు. కుర్రతనం, పోనివ్వండి. కానీ ఆ తప్పును బాబాయి ఖాతాలో వేయకండి.

రెండోది, బావిలో పాడినట్టుండటం. ఇప్పుడే రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని "అమ్మా" అని సాగదీసి అనండి. తల లోపల గుమ్మంటుంది. చెవి మూసుకుంటే మన గొంతు ఎముకల గుండా లోపలికి వచ్చి, బయటికి పోయే దారిలేక మందంగా మోగుతుంది. ఇన్-ఇయర్ పెట్టుకున్న ప్రతి గాయకుడికీ మొదటి రోజు ఈ ఇబ్బంది ఉంటుంది. చెవిలోకి వచ్చే తన గొంతులో 200 హెర్ట్జ్ చుట్టుపక్కల మందాన్ని కాస్త తగ్గిస్తే, పైస్థాయి స్పష్టత కాస్త పెంచితే ఆ బావి చాలావరకు పూడుతుంది. మిగిలింది నాలుగైదు సాధనల్లో అలవాటవుతుంది. మీరు ఆయనకు సగం పల్లవి అవకాశమే ఇచ్చారు.

బాలు గారి మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. మన నెల్లూరు మనిషైన ఆ మహానుభావుడు స్టూడియోలో హెడ్‌ఫోను పెట్టుకునే పాడారు. ఆ ఫొటోలు ఎన్నో ఉన్నాయి. ఒకటి వెతికి బాబాయికి చూపించండి. వాదనకు మాత్రం కాదు, టీ తాగేటప్పుడు. ఇంకో మాట. జానపద గాయకులు గొంతెత్తేటప్పుడు చెవి దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టుకుంటారు, చూశారా? తన గొంతు తనకు వినిపించాలనే కదా. మీరు కొనబోయేది ఆ అరచేతినే.

ఇక ఒంగోలు పెళ్ళిలో జరిగింది. ఒకరు పెంచితే ఇంకొకరు పెంచడం, చివరికి మైకు కూత. మానిటరు శబ్దం మైకులోకి పోయి, పెరిగి, మళ్ళీ మానిటరులోకి వచ్చి తిరుగుతుంటే కూత పుడుతుంది. ఇరుకు స్టేజీ మీద నాలుగు మానిటర్లు ఉంటే అది రాకపోవడమే వింత. దీనికి మీ బావ చేతకానితనం కారణం కాదు. ఆయన చేతిలో ఉన్న నాలుగు మీటల్ని ఆరుగురు ఆరు వైపులకు లాగారు.

అయితే ఆ రాత్రి దెబ్బ అసలు తగిలింది ప్యాడ్లాయనకు. రెండు రోజులు చెవుల్లో మోత అంటే చెవి ఇచ్చిన హెచ్చరిక. అమెరికాలో కార్మికుల ఆరోగ్యాన్ని చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ళ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 100 డెసిబెళ్ళ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. మీ పెళ్ళి కచేరీ మూడు గంటలు. ఆయన్ను ఈ వారంలోనే ఈఎన్‌టీ వైద్యుడి దగ్గరికి పంపి వినికిడి పరీక్ష చేయించండి. దానికయ్యే ఖర్చు ఉమ్మడి డబ్బులోంచి తీయండి. పోయిన వినికిడి తిరిగిరాదు. నేను ఇరవై ఏళ్ళు స్టేజీల పక్కన నిలబడ్డాను. ఇప్పుడు ఫోను కుడి చెవికే పెట్టుకుంటాను.

ఇప్పుడు ఏమి కొనాలన్న ప్రశ్న. మీ ముందు మూడు దారులున్నాయి. ఒక్కో దారిలో ఒక్కో మనిషి నొచ్చుకుంటాడు, ఒక్కోరకంగా డబ్బు పోతుంది. చూసి మీరే తేల్చుకోండి.

మొదటి దారి, మీ బావ మిక్సరునే (మైకులన్నిటి శబ్దాన్నీ కలిపే పెట్టెనే) వాడుకోవడం. పదహారు ఛానళ్ళు, జనానికి వెళ్ళేది కాక వేరే మిశ్రమాన్ని బయటికి పంపే నాలుగు ఆక్స్‌లు ఉన్నాయని, ఒకటి ఎకోకు, ఒకటి మానిటర్లకు పోతే రెండు ఖాళీ అని రాశారు. ఆ రెండే మీ పెట్టుబడి. ఒక ఖాళీ ఆక్స్‌లో పాటలవాళ్ళకు కావలసిన మిశ్రమం, ఇంకోదానిలో వాద్యాలవాళ్ళకు కావలసింది చేయించండి. ఒక్కో ఆక్స్‌ను ఒక్కో చిన్న హెడ్‌ఫోను ఆంప్లిఫైయరుకు ఇవ్వండి. బెహ్రింగర్ హెచ్ఏ400 లాంటిది సుమారు మూడు వేలకు దొరుకుతుంది, దానికి నలుగురు తగిలించుకోవచ్చు, ఎవరి శబ్దం వారు పెంచుకోవచ్చు. ఇయర్‌ఫోన్లు తీగ ఉన్నవే కొనండి. చెవి వెనక నుంచి తీగ తిప్పుకునే రకం, కేజెడ్ లాంటి సంస్థలవి, వెయ్యిన్నర నుంచి రెండు వేలకు పాటకు పనికొచ్చేవి వస్తాయి. పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగలతో కలిపి అంతా పదిహేను వేల లోపు. (ఇవి సుమారు ధరలు. చెన్నైకి రైలెక్కే ముందు ఫోను చేసి కనుక్కోండి.)

ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది, ఆ ఆక్స్‌లు ఫేడరుకు (జనానికి వెళ్ళే శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీటకు) ముందు నుంచి తీసుకునేవి కావాలి. కొన్ని మిక్సర్లలో దానికి ప్రీ, పోస్ట్ అని మీట ఉంటుంది. పోస్టులో పెడితే జనానికి గొంతు తగ్గించినప్పుడల్లా మీ చెవిలోనూ తగ్గిపోతుంది. రెండోది తీగ. ఈ తీగ దగ్గరే సగం బృందాలు విసిగిపోయి ఇన్-ఇయర్లు అటకెక్కిస్తాయి. మిక్సరు ఆక్స్ ఒకే శబ్దాన్ని ఇస్తుంది. ఆంప్లిఫైయరు మాత్రం ఎడమ, కుడి రెండు శబ్దాలు అడుగుతుంది. మామూలు మోనో తీగ గుచ్చితే ఒక్క చెవిలోనే వినిపిస్తుంది. మూడు తీగల బ్యాలెన్స్‌డ్ తీగ (ఒకే శబ్దాన్ని సూటిగా ఒకసారి, తిరగేసి ఒకసారి మోసేది) గుచ్చితే ఇంకా చిత్రం. రెండు చెవుల్లోనూ వస్తుంది గాని ఒకదానికొకటి తిరగబడి వస్తుంది. బేస్ మాయమై, గొంతు తల వెనక ఎక్కడో తేలుతున్నట్టుంటుంది. అది విన్నవాళ్ళు ఇయర్‌ఫోన్లు నాసిరకమని పారేస్తారు. కావలసింది ఒక్కటే: మిక్సరు నుంచి వచ్చే సిగ్నల్ తీగను స్టీరియో పిన్ను మొనకూ, దాని కింది రింగుకూ రెండింటికీ కలిపి సోల్డరింగ్ చేసిన తీగ. మీ ప్యాడ్లాయన ఎలక్ట్రీషియన్ అన్నారుగా. ఆయనకు పావుగంట పని.

ఈ దారిలో లాభం, బావ మిక్సరే రాజు. ఆయన లేకుండా మీ చెవుల్లోకి ఏమీ రాదు. నష్టమూ అదే. కచేరీ మధ్యలో బేస్ అబ్బాయి వేలు ఎత్తి చూపిస్తే బావ తల ఎత్తి చూడాలి. పైగా ఒక్కో మిశ్రమం ఇద్దరు ముగ్గురు పంచుకోవాలి. రాజీ తప్పదు.

రెండో దారి, సొంత డిజిటల్ మిక్సరు. మీ చేతిలో ధర రాసిన చీటీ ఉన్న బెహ్రింగర్ ఎక్స్ఆర్18 సరైన ఎంపికే. 16 మైకు ఇన్‌పుట్లు, 6 ఆక్స్‌లు. ఆరుగురికి ఆరు మిశ్రమాలు, ఎవరిది వారు ఫోనులో సరిచేసుకోవచ్చు. దానికి తమ్ముడైన ఎక్స్ఆర్16 చవక అని దుకాణంవాళ్ళు అంటగడతారు. అందులో మైకు ఇన్‌పుట్లు 8, ఆక్స్‌లు 4. మీకు చాలదు. ఎక్స్ఆర్18లోనూ ఆక్స్ నుంచి ఇయర్‌ఫోను నేరుగా మోగదు, మధ్యలో ఆంప్లిఫైయరు ఉండాల్సిందే. మొదటి దారిలో కొన్న రెండూ ఇక్కడికి పనికొస్తాయి, ఇంకో రెండు కొంటే నాలుగు మిశ్రమాలు. బాబాయి మానిటరుకు ఒక ఆక్స్ పోతుంది. మిక్సరు అరవై అయిదు వేలు, ఆంప్లిఫైయర్లు పన్నెండు వేలు, ఇయర్‌ఫోన్లు ఎనిమిది వేలు. మీ ఎనభై అయిదు వేలు తుడిచిపెట్టుకుపోతాయి, తీగలకు చేతి డబ్బు. ఆ తరువాత ఒక మైకు పాడైతే? జనరేటరు ఎగుడుదిగుడై మిక్సరే పోతే? అదే మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న. ఉమ్మడి పెట్టెలో కనీసం పదివేలు ఉంచుకోకుండా ఈ దారి తొక్కడం నాకు ఇష్టం లేదు.

అసలు చిక్కు బావతో. సొంత మిక్సరు వస్తే ఆయనకేమి మిగులుతుంది? ఇక్కడ రెండు పద్ధతులు. మీ మిక్సరులోనే అంతా కలిపి రెండు తీగలు ఆయనకు ఇచ్చి "పెంచు, తగ్గించు" అనడం. ఇది చవక, సులువు. కానీ ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళకు సౌండు చేసిన మనిషిని స్విచ్చి బోర్డు దగ్గర కూర్చోబెట్టినట్టు. ఇంకో పద్ధతి, ప్రతి మైకు తీగనూ రెండుగా చీల్చడం. ఒక కొమ్మ మీ చెవుల మిక్సరుకు, ఇంకో కొమ్మ ఆయన మిక్సరుకు. జనానికి వినిపించేది ఆయన ఇష్టం, మీకు వినిపించేది మీ ఇష్టం. మీ బృందానికి పది తీగలు చీల్చితే చాలు, చేతితో చేసుకుంటే ఖర్చు కొద్దిపాటిదే. ఇందులో గుర్తుంచుకోవలసింది, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కొన్ని మైకులకు మిక్సరు తీగలోంచే పంపే కరెంటు) ఒక మిక్సరు నుంచే ఇవ్వాలి, రెండో దానిలో ఆపేయాలి. రెండు మిక్సర్లకూ కరెంటు ఒకే చోటు నుంచి తీసుకుంటే హమ్ బాధ తక్కువ.

హమ్ మాట వచ్చింది కాబట్టి కోపంగానే చెబుతున్నాను. గుయ్‌మంటోందని ఎర్తు పిన్ను విరగ్గొట్టే అలవాటు మన మండపాల్లో ఉంది. స్పీకర్ల కాలంలోనే అది ప్రమాదం. ఇప్పుడు ఆ తీగ చివర చెమట పట్టిన చెవి ఉంటుంది. పెళ్ళి జనరేటరు ఎర్తింగ్ ఎలా ఉంటుందో మీకూ తెలుసు. హమ్ వస్తే డీఐ బాక్సు (వాద్యాన్ని మిక్సరుకు కలిపే చిన్న పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట (సిగ్నల్ తీగ ఎర్తును మాత్రమే విడదీసేది) నొక్కండి. ఎర్తు పిన్ను జోలికి ఎవరినీ పోనివ్వకండి.

ఫోనులో మిశ్రమం సరిచేసుకోవాలంటే వైఫై కావాలి. మిక్సరు లోపలి వైఫై అయిదు వందల ఫోన్లున్న మండపంలో నిలవదు. ఇంట్లో వాడే రౌటరు ఒకటి తీగతో తగిలించి 5 గిగాహెర్ట్జ్‌లో నడపండి.

మూడో దారి మీ బావమరిదిది, అందరికీ వైర్‌లెస్. నేను దీనికి వ్యతిరేకిని కాను, వరుస తప్పిందంటాను. కీబోర్డు వదిలి మీరు ఎక్కడికి వెళ్తారు? ప్యాడ్లాయన ఎక్కడికి వెళ్తాడు? గిటారుకు ఎలాగూ ఒక తీగ ఉంది. ఇయర్‌ఫోను తీగను దానితో జత చేసి టేపు చుడితే స్టేజీ అంతా తిరగవచ్చు. వైర్‌లెస్ అవసరమయ్యేది మైకు పట్టుకుని జనంలోకి నడిచే మనిషికి ఒక్కరికే. చవకగా దొరికేవి 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. వాటికి లైసెన్సు అక్కరలేదు, ఆలస్యం కూడా కొద్ది మిల్లీసెకన్లే, బ్లూటూత్‌తో పోలికే లేదు. కానీ ఆ దారిలోనే మండపంలోని వైఫైలు, బ్లూటూత్‌లు నడుస్తుంటాయి. ట్రాన్స్‌మిటరు స్టేజీ మీదే, కంటికి ఎదురుగా ఉంచుకుంటే పని చేస్తుంది. మిక్సరు దగ్గర, జనం వెనక పెడితే తెగుతుంది. ఇంకా పై రకాలు టీవీ ప్రసారాలు నడిచే యూహెచ్ఎఫ్ పట్టీలో పనిచేస్తాయి, అవి లైసెన్సుల సంగతి తేల్చుకున్నాకే కొనాలి.

గొలుసు సంగతి. మీ ఇంటావిడ మనసు పెద్దది. కానీ లెక్క చూడండి. మీ వాటా కార్యక్రమానికి మూడు వేలు. వైర్‌లెస్ సెట్లు కొన్నాక రేటు పెంచుతామని ఏ పెళ్ళివారైనా ఒప్పుకున్నారా? మీ చెవుల్లో ఏముందో ఆడపిల్ల తండ్రికి అక్కరలేదు, మైకు కూత పెట్టకపోతే చాలు. ఆ పని పదిహేను వేలలోనూ అవుతుంది. కొన్న ఆరు నెలలకు తమ్ముడు హైదరాబాదు వెళ్ళిపోతే, వడ్డీ కట్టేది మీరు, ఆవిడ పుట్టింటివాళ్ళతో మాట పడేదీ మీరే. ఉమ్మడి వస్తువును ఒకరి గొలుసుతో కొనకండి.

అలాగని కుర్రాడిని కసిరి వదిలేయవద్దు. మీ అందరిలో ఈ మార్పు గురించి ముందుగా ఆలోచించింది అతనే. దిశ సరైనదే, వస్తువు తప్పు. ఈ పనంతా అతని చేతిలో పెట్టండి: ఇయర్‌ఫోన్ల ఎంపిక, రౌటరు, ఎవరి మిశ్రమంలో ఏముందో రాసే పుస్తకం. హైదరాబాదు వెళ్ళాలనుకుంటే వెళ్తాడు, అది అతని జీవితం. వెళ్ళేలోగా పని నేర్చుకుని వెళ్తాడు.

బాబాయికి మూడు అవకాశాలు ఇవ్వవచ్చు. ఆయన మానిటరు ఆయనకు ఉంచేయడం ఒకటి. మిగిలిన అయిదుగురూ ఇన్-ఇయర్లకు మారితే స్టేజీ మీద ఉన్న మానిటరు ఆయనది ఒక్కటే. చుట్టూ శబ్దం తగ్గుతుంది కాబట్టి పెంచమని ఆయనే అడగరు. దాన్ని ఎక్కడ పెడుతున్నారో మాత్రం చూడండి. షూర్ ఎస్ఎం58 లాంటి కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకు వెనక నుంచి వచ్చే శబ్దాన్ని దాదాపు పట్టించుకోదు. మానిటరు సూటిగా మైకు వెనక, ఆయన ముఖానికి ఎదురుగా ఉండాలి. సూపర్‌కార్డియాయిడ్ రకమైతే (అది వెనక నుంచీ కొద్దిగా పడుతుంది) సూటిగా కాకుండా కాస్త పక్కకు జరపాలి. మైకు జాలీని గుప్పిట పట్టి పాడే అలవాటుంటే మానమని చెప్పాల్సింది మీరే. శిష్యులు చెబితేనే వింటారు.

రెండో అవకాశం ఒక్క చెవికి పెట్టుకోవడం. చాలామంది పెద్ద గాయకులు ఇలాగే మొదలుపెడతారు. తప్పులేదు గానీ, ఖాళీ చెవిలో స్టేజీ రొద పడుతుంటే మూసిన చెవిలో శబ్దాన్ని తెలియకుండానే పెంచుకుంటారు. ఆ చెవి నష్టపోతుంది. నాది అలాగే పోయింది. మూడోది, రెండు చెవులకూ తీగ ఇయర్‌ఫోన్లు, కానీ జనం మైకుతో సహా. స్టేజీ అంచున జనం వైపు తిప్పి ఒక మైకు పెట్టి, దాన్ని బయటి స్పీకర్లకు ఇవ్వకుండా చెవుల మిశ్రమంలో మాత్రం కొద్దిగా కలపండి. చప్పట్లు, ఈలలు, "ఇంకొకటి" అనే అరుపులు చెవిలోకి వస్తాయి. ఆయన ఉత్సాహం వాటి మీదే నడుస్తుంది. అవి తెగిపోతే ఎంత స్పష్టంగా వినిపించినా ఆయనకు ఆసుపత్రి గదిలో పాడినట్టుంటుంది. ఈ ఏర్పాటు చేసి, ఇంట్లో, ఆయనకు ఇష్టమైన పాట ఒకటి, ఎవరూ చూడకుండా పాడించండి. నచ్చకపోతే మొదటి అవకాశానికి వెళ్ళిపోండి, దాని గురించి ఇంకెప్పుడూ ఎత్తకండి.

ఇయర్‌ఫోను ఎంత మంచిదైనా చెవిలో గాలి చొరబడకుండా కూర్చోకపోతే దండగ. బేస్ వినిపించకపోతే అదే గుర్తు, శబ్దం పెంచకుండా రబ్బరు బుడిపె మార్చండి. పెట్టెలో వచ్చే మూడు సైజులూ అందరూ వేసి చూడాలి. కొందరికి ఎడమకు ఒక సైజు, కుడికి ఒక సైజు పడుతుంది. నురగ బుడిపెలు బయటి శబ్దాన్ని బాగా ఆపుతాయి గాని మన సముద్రపు గాలికి, చెమటకు తొందరగా చెడిపోతాయి. ఎవరివి వారివే, పంచుకోవద్దు. కచేరీ కాగానే తుడిచి, మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం వేసి డబ్బాలో పెట్టండి. చెవిలో ఏముండాలో కూడా తక్కువతో మొదలుపెట్టండి. తన గొంతు లేదా తన వాద్యం, శ్రుతికి కీబోర్డు, తాళానికి ప్యాడ్లు. అన్నీ కావాలంటే మళ్ళీ ఒంగోలు పెళ్ళే. డిజిటల్ మిక్సరు కొన్న రోజు ప్రతి ఆక్స్ మీదా లిమిటరు (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది) పెట్టండి. ఎవరైనా మైకు కింద పడేస్తే ఆ దెబ్బ నేరుగా చెవిలో పడుతుంది.

నన్నే తేల్చమంటే, వైశాఖం పెళ్ళిళ్ళు మొదటి దారిలో గడిపి, ఎక్స్ఆర్18 దసరా తరువాత చూసుకుంటాను. మీ అవసరం వేరు కావచ్చు. బావ కార్యక్రమానికి రాలేని రోజులు పెరుగుతున్నాయని ఒకచోట రాశారు. అది నిజమైతే రెండో దారికి ముందే వెళ్ళడం న్యాయం. ఏ దారైనా బావతో ఫోనులో మాట్లాడకండి. ఇంటికి వెళ్ళి, "ఖాళీగా ఉన్న రెండు ఆక్స్‌లు మాకు ఎలా వాడితే బాగుంటుంది బావా?" అని అడగండి. అలిగిన మనిషి మిక్సరు ముందు కూర్చుంటే అలక మరిచిపోతాడు.

చివరగా ఒక సందేహం. ఉత్తరం ఆరు పేజీలు రాశారు. బాబాయి, బావ, బావమరిది, ప్యాడ్లాయన అందరి మాటలూ ఉన్నాయి. మీ గాయని గురించి ఒకే ఒక్క వాక్యం: "ఆమె ఏమీ అనలేదు." బాబాయి మానిటరు పెంచినప్పుడల్లా దాని పక్కనే నిలబడేది ఆమె. మైకు పట్టుకుని జనంలోకి వెళ్ళేదీ ఆమే, మీ బృందంలో వైర్‌లెస్ నిజంగా అవసరమైన ఒకే ఒక్క మనిషి. ఆ రాత్రి ఆమెకు ఏమి వినిపించిందో ఎవరైనా అడిగారా? అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు నాకు రాయండి. మొదటి ఇయర్‌ఫోన్ల జత ఎవరికి కొనాలో అప్పుడు మాట్లాడుకుందాం.